జోయెల్ ఉన్నడు గదా

బీదర్‌లోని ఆ మిషన్ దవాఖానలో ఏది చెడిపోయినా జనం నోట ముందుగా వచ్చే మాట ఒకటే: "జోయెల్ ఉన్నడు గదా." ప్రింటరు కాగితాన్ని నమిలేసినా, పెద్ద డాక్టరమ్మ ఫోనులో ఫొటోలు మాయమైనా, మందుల కొట్టులో ఫ్యాను తిరగడం మానేసినా అదే మాట. ఆ మాటంటే జోయెల్‌కి ప్రాణం. పైకి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "నాకేమన్న పది చేతులున్నయా?" అని గొణుక్కుంటూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చేవాడు. ఎవరూ పిలవని రోజు తనే నాలుగు గదుల్లోకి తొంగి చూసి, "అంతా మంచిగనే నడుస్తాంది గదా?" అని అడిగి వచ్చేవాడు. మంచిగానే నడుస్తుంటే ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను పక్కనే టెస్టరు. తాతల కాలం నుంచీ బీదర్ వాళ్ళే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో దక్కనీ. బీకాం చదివి, బస్టాండు వెనక ఒక షాపులో కంప్యూటర్ నేర్చుకుని, దవాఖాన ఆఫీసులో టైపిస్టుగా చేరాడు. చేరడం సులువుగానే అయింది. ఎందుకంటే అక్కడే అతని తండ్రి ఏసప్ప జనరేటర్ చూసుకునేవాడు.

ఏసప్ప సంగతి చెప్పకపోతే జోయెల్ సంగతి అర్థం కాదు. ఆ రోజుల్లో కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, బుద్ధి పుట్టినప్పుడు పోయేది. పోగానే దవాఖాన మొత్తం ఒక్క గొంతుతో "ఏసప్పా!" అని అరిచేది. ఆపరేషన్ మధ్యలో డాక్టర్లు టార్చిలైట్లు పట్టుకుని నిలబడేవారు. ఏసప్ప వెనక షెడ్డులోకి పరిగెత్తి, డీజిల్ ఇంజన్ హ్యాండిల్‌ని రెండు చేతులతో తిప్పి తిప్పి, నల్లటి పొగ వదిలించి దీపాలు వెలిగించేవాడు. పదేళ్ళ జోయెల్ కంటికి ఆ క్షణంలో తండ్రి నవాబులా కనిపించేవాడు.

తర్వాత కొత్త జనరేటర్ వచ్చింది. కరెంటు పోతే కన్ను మూసి తెరిచేలోగా దానంతట అదే మొదలయ్యే రకం. ఏసప్పని ఎవరూ పొమ్మనలేదు. మంచివాళ్ళు, ఒక స్టూలు వేసి కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా ఆయన దాని మీదే కూర్చున్నాడు, చేతిలో నూనె గుడ్డతో. టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చిన జోయెల్ చూస్తుండగానే ఎన్నోసార్లు కరెంటు పోయింది, వచ్చింది. ఒక్కరూ "ఏసప్పా" అనలేదు. ఆ స్టూలు జోయెల్ గుండెలో అలాగే ఉండిపోయింది. చచ్చినా అలాంటి స్టూలు మీద తాను కూర్చోకూడదని ఆ వయసులోనే అనుకున్నాడు.

ఇక అసలు కథ. దవాఖానలో ఎప్పటినుంచో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండేది. ఏటేటా ఫీజు పెంచుకుంటూ పోయారు. ఒక్క గీత మార్చమన్నా దానికి వేరే బిల్లు. మంగళగిలో, హుల్సూర్‌లో దవాఖాన నడిపే చిన్న క్లినిక్‌లు రెండున్నాయి. అక్కడ పెట్టాలంటే అక్కడికీ మళ్ళీ విడిగా ఫీజు కట్టాలన్నారు. అంత స్తోమత లేక ఆ రెండు ఊళ్ళూ కాగితాల మీదే బతికాయి. అప్పుడు వచ్చాడు సంజయ్. వరంగల్ అబ్బాయి, బీదర్‌లో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చి స్థిరపడ్డాడు. కూతురి జ్వరానికి దవాఖానకు వచ్చినవాడు చీటీల కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి నిలబడి, "దీనికి ఓపెన్ సోర్స్‌ల మంచి సాఫ్ట్‌వేర్ ఉంది, ఫీజు లేదు, నేనే పెట్టిస్త" అన్నాడు.

కమిటీ కూర్చుంది. దవాఖాన సెక్రటరీ అబ్బయ్యగారికి ముందు అనుమానమే వచ్చింది.

"ఉత్తగ ఇస్తరా? ఈ కాలంల ఉత్తగ ఎవరిస్తరు సార్? రేపు ఏదన్న అయితే ఎవరి గల్లా పట్టుకోవాలె?"

"ఎవరి సొంతం కాదు సార్ అది. లోకంల ఎంతోమంది కలిసి చేసిండ్రు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మీరు బాగుచేసింది మళ్ళ అందరికీ ఇస్తరు."

అబ్బయ్యగారు గడ్డం నిమురుకున్నారు. "అంటే మన సంఘం దేగుల లెక్కనా?" అన్నారు.

చర్చి సంఘానికి పెద్ద పెద్ద వంట దేగులు, అంటే గుండిగలు, ఉన్నాయి. ప్రేమవిందుకైనా, ఎవరింటి పెళ్ళికైనా ఎవరు కావాలంటే వాళ్ళు పట్టుకుపోవచ్చు. కిరాయి లేదు. కాని తోమి ఇవ్వాలి. చెవి ఊడితే ఊడిందని చూసినవాడు అతుకు వేయించి ఇవ్వాలి.

సంజయ్ మొహం వెలిగిపోయింది. "అచ్చం అట్లనే సార్. దేగు ఉత్తదే. వండేటోళ్ళు, తోమేటోళ్ళు మాత్రం మనమే ఉండాలె. అందుకే చెప్తున్న, దీనికి నలుగురు కావాలె. ఏది ఎప్పుడు మార్చాలెనో నిర్ణయం చేసేటోళ్ళొకరు. రోజూ నడిపేటోళ్ళొకరు. మిగిలినోళ్ళకు నేర్పేటోళ్ళొకరు. ఏదన్న తప్పు కనపడితే దాన్ని తయారు చేసినోళ్ళకు రాసి చెప్పేటోళ్ళొకరు. ఒక్కని మీదనే పెట్టకుండ్రి."

కమిటీ పెద్దలు చాలా గంభీరంగా తలలూపారు. నాలుగు పనులూ వరసగా రాసుకున్నారు. నాలుగింటి పక్కనా ఒకటే పేరు రాశారు. "జోయెల్ ఉన్నడు గదా" అని లేచి చాయ్ తాగారు. చేతులు కడుక్కోవడం అంటే ఇదీ!

జోయెల్ పనిమంతుడు, ఆ మాట కాదనకూడదు. పెద్ద డాక్టరమ్మ ఆర్తిది ఉద్గీర్ ఊరి వైపు, తొందరపడే రకం కాదు. "అన్నీ ఒక్కసారి మార్చొద్దు. ముందు చీటీల కౌంటర్. కాగితం కూడా పక్కన నడవనీ. నమ్మకం కుదిరాక ల్యాబు, తర్వాత మందులు, అన్నిటి తర్వాత క్లినిక్‌లు" అని ఆమె చెప్పిన వరసలోనే జోయెల్ నడిపించాడు. కౌంటర్లో ఒక్క వేలితో టైపు చేసే, జుట్టు నెరిసిన దయమ్మకి ఓపికగా నేర్పాడు. ఆరు నెలల్లో చీటీల క్యూ సగానికి తగ్గింది. సంజయ్ కాలేజీ పరీక్షల్లో పడిపోయి, "ఇక మీరే చూసుకుంటరు" అని నిశ్చింతగా ఉన్నాడు. కాగితాలు మానేశారు. "అంతా కంప్యూటర్ల ఉంది, ఫైలు మోసుకొచ్చుడు అక్కర్లేదు" అని రోగులకు కూడా చెప్పేశారు.

ఈ మొత్తంలో ఒకే ఒక్క చోట జోయెల్ చెయ్యి వంకర తిరిగింది. అదెలాగో వినండి.

ఆ దవాఖానలో కొత్తది ఏది వచ్చినా ప్రార్థనతోనే మొదలు. కొత్త మంచమైనా సరే, అంబులెన్సైనా సరే, నీళ్ళ ఫిల్టరైనా సరే. రోజూ పొద్దున ఓపీ తెరవకముందు హాల్లో అందరూ కూర్చుంటారు. వాక్యం చదువుతారు, దవాఖానకంటూ ఒక పాట ఉంది, ఎప్పుడో ఒక నర్సమ్మ రాసింది, అది పాడతారు, పనిలోకి వెళ్తారు. కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన రోజున అబ్బయ్యగారు సర్వర్ కోసం ప్రార్థన చేశారు. పాట ఆఖరి చరణంలో ఉండగా జోయెల్ లేచి, పాత ఎక్స్‌రే గదిలో పెట్టిన సర్వర్ దగ్గరికి వెళ్ళి బటన్ నొక్కాడు. పాట అయ్యేసరికి కౌంటర్లో తెరలన్నీ వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సర్వర్ రాత్రీపగలూ నడిచేదే. సంజయ్ చెప్పాడు కూడా. మొదటి రాత్రి ఉరుములు ఉరుముతుంటే భయపడి జోయెల్ దాన్ని ఆపాడు. మర్నాడు ప్రార్థనలో ఆఖరి చరణం దగ్గరికి వచ్చేసరికి హాలు హాలంతా తల తిప్పి అతని వైపు చూసింది. వార్డుబాయి దగ్గర్నుంచి పెద్ద డాక్టరమ్మ దాకా. జోయెల్ ఒళ్ళు పులకరించింది. ఆ సాయంత్రం ఉరుముల్లేవు, మబ్బుల్లేవు. అయినా ఆపేశాడు.

అంతే, అది మామూలైపోయింది. సాయంత్రం ఆపడం, పొద్దున ఆఖరి చరణంలో లేచి అందరి మధ్య నుంచి నడిచి వెళ్ళడం. రాత్రి వచ్చిన కేసుల్ని నర్సులు చిత్తు పుస్తకంలో రాసుకుని పొద్దున ఎక్కించేవారు. అంతకు ముందు ఏళ్ళలోనూ అతను ఆ సమయానికి ఆఫీసు తాళాలు తీయడానికి లేచేవాడే గాని, అప్పుడు ఎవరూ తల తిప్పలేదు. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చాడు. అది అతని బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. దవాఖానలో అందరూ ఈ సాఫ్ట్‌వేర్ అంటేనే ఇంత, ప్రార్థన అయ్యాక జోయెల్ చేత్తో లేస్తుంది అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

ల్యాబులో షెకినా ఒక్కతే అనుకోలేదు. చురుకైన పిల్ల, నోరు ఊరుకోదు.

"జోయెలన్నా, మా ల్యాబ్ ఫ్రిజ్ రాత్రంతా నడుస్తది గదా. ఇదెందుకు పండాలె?"

"అది వేరే, ఇది వేరే. దీనికి రెస్టు కావాలె."

"మరి నాకన్న నేర్పరాదె? నువ్వు లేనినాడు ఎట్ల?"

"నేర్పుత తియ్. నేనేడికి పోత?"

ఎక్కడికీ పోడు, అది నిజమే. పెళ్ళాం పోరు పెట్టినా, పిల్లలు ఏడ్చినా ఒక్క పూట బీదర్ దాటేవాడు కాదు. కాని సొంత బావమరిది పెళ్ళికి పోకపోతే ఇంట్లో బతకనిస్తారా? ఆదివారం హుల్సూర్‌లో పెళ్ళి. సాయంత్రానికి రావాల్సినవాడు, అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపితే ఆగిపోయాడు. మనసంతా సర్వర్ మీదే. విస్తరి ముందు కూర్చున్నాడు గాని ఏం తిన్నాడో అతనికే తెలియదు. సోమవారం తెల్లవారకముందే మొదటి బస్సు ఎక్కాడు, ప్రార్థన టైముకి అందుకోవచ్చని.

భాల్కి దాటాక చెరుకు లారీ బోల్తా పడింది. రోడ్డు నిండా చెరుకే. ముందు బస్సులు, వెనక బస్సులు. జనం దిగి హాయిగా గడలు విరుచుకు తింటున్నారు. జోయెల్ కిటికీ పక్కన కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఫోను మోగింది. దయమ్మ.

"యాడున్నవయ్యా? ప్రార్థన అయిపోయింది. నువ్వొస్తవని పాట మళ్ళ మొదటికెళ్ళి పాడినం. ఓపీ నిండిపోయింది, సోమారమాయె!"

"వస్తున్న అక్కా. లారీ పడ్డది."

కాసేపటికి మళ్ళీ ఫోను. ఈసారి షెకినా.

"అన్నా, నేను సర్వర్ గదిల ఉన్న. బటన్ నొక్కిన. పాస్‌వర్డ్ అడుగుతాంది. చెప్పు, నేను కొడుత."

ఒక్క మాట. నోరు తెరిచి ఒక్క మాట చెబితే పనైపోయేది. జోయెల్‌కి ఆ సంగతి బాగా తెలుసు. షెకినా ఆ మాట కొడుతుంది, తెరలు వెలుగుతాయి, ఇంతేనా అని అందరూ అనుకుంటారు. రేపు ఆఖరి చరణంలో ఎవరూ తల తిప్పరు. స్టూలు కళ్ళ ముందు కదిలింది.

"వద్దు, వద్దు, ముట్టకు. గడబిడ అయితది. నేనొచ్చేదాకా ఎవ్వరూ ముట్టొద్దు."

"అన్నా, ఈడ జనం..."

"సిగ్నల్ వస్తలేదు" అని ఫోను పెట్టేశాడు. సిగ్నల్ నిండా ఉంది. పక్క సీటు ముసలాయన చెరుకు ముక్క ఇవ్వబోతే వద్దని తల అడ్డంగా ఊపాడు.

అదే సమయంలో దవాఖానలో మంగళగి నుంచి వచ్చిన సక్కుబాయి నొప్పులతో బల్ల మీద ఉంది. నెలలు పూర్తిగా నిండలేదు, మూడో కాన్పు. కిందటి నెల స్కానులో డాక్టరమ్మకి ఏదో అనుమానం వచ్చి రాసిపెట్టింది. ఆ రాసింది, స్కాను, రక్తం రిపోర్టు అన్నీ నల్లగా ఉన్న తెర వెనకే ఉన్నాయి. "కాగితాలేవమ్మా?" అంటే, "ఫైలు అక్కర్లేదంటిరి గదా, ఇంటికాడ పెట్టొచ్చిన" అంది. రోజూ అంతమందిని చూసే ఆర్తికి ఎవరి స్కాను ఏదని గుర్తుంటుంది? ఏమీ తెలియకుండా చెయ్యి వెయ్యడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అంబులెన్సు ఎక్కించి పెద్దాసుపత్రికి పంపింది. పెద్దాసుపత్రి గేటు దాకా పోలేదు, దారిలోనే కాన్పయింది. వెంట ఒక నర్సు, ఆమెకు సాయంగా షెకినా ఉన్నారు కాబట్టి సరిపోయింది. తల్లీ పిల్లా దక్కారు, దేవుడి దయ.

జోయెల్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి బటన్ నొక్కి, తెరలు వెలిగించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే అసలు బాధ. అందరూ సాఫ్ట్‌వేర్‌ని తిట్టారు.

"ఉత్తగ వచ్చింది ఉత్తదే!" అంది ఆర్తి, మొహం ఎర్రగా చేసుకుని. "ఒక మనిషి రాకపోతే లేవని మిషన్ ఏం మిషన్? రేపు సాయంత్రం కమిటీ పెట్టండి. ఆ కంపెనీ వాళ్ళనే మళ్ళీ పిలుద్దాం. క్లినిక్‌ల సంగతి ఇక మర్చిపోండి."

దయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "పాపం, ఎంత పరేషాన్ అయినవో. జర కూసో" అంది. జోయెల్ తాగకుండానే చెంబు బల్ల మీద పెట్టేశాడు. షెకినా మాత్రం దూరం నుంచి చూసింది. ఆమె తెల్లకోటు చేతి మీద రక్తం మరక ఇంకా ఆరలేదు.

ఇంటికి వచ్చేసరికి ఏసప్ప వసారాలో చాట ముందు పెట్టుకుని కందులు చెరుగుతున్నాడు. కళ్ళు మసకబారినా రాయి దొరక్కుండా పోదు.

"దవాఖానల ఏందో లొల్లి అయిందట?" అన్నాడు.

జోయెల్ పక్కన కూలబడ్డాడు. దాచడానికి ఓపిక లేకపోయింది. మొత్తం చెప్పాడు, బటన్ సంగతి, పాస్‌వర్డ్ సంగతి, బస్సులో ఆడిన అబద్ధం సంగతి, సక్కుబాయి సంగతి.

"ఎందుకు చేసినవ్‌రా గట్ల?"

"నీ లెక్క స్టూల్ మీద కూసోవద్దని, నాయినా."

ఏసప్ప చేతిలో చాట ఆగిపోయింది. జోయెల్ తల వంచుకున్నాడు, ముసలాయన మనసు నొచ్చిందేమోనని. నొచ్చుకోలేదు, కోపం వచ్చింది.

"స్టూల్ మీద కూసుంటే నాకేం రోగమొచ్చిందిరా? ఎవడు చెప్పిండు నీకు నేను బాధపడ్డనని?"

"ఎవ్వరు పిలవకపోయిరి గదా."

"పిలవకపోతే సల్లగున్న! నువ్వు పుట్టిననాడు కరెంటు పోయింది. లోపల మీ అవ్వ అరుస్తాంది, బైట నేను హ్యాండిల్ తిప్పుతున్న. ఇంజన్ సప్పుడుల నీ ఏడ్పు గూడ నాకు ఇనపడలే. నర్సమ్మ వచ్చి భుజం మీద కొట్టి చెప్తే ఎరికయింది. మా అవ్వ సచ్చిపోతే మట్టికి పోలే, ఆనాడు ఆపరేషన్లున్నయని. ఎన్నేండ్లు రాత్రి పూట ఒక చెవి తెరుచుకొని పండుకున్ననో మీ అవ్వనడుగు. ఆ కొత్త మిషన్ వచ్చిననాడు స్టూల్ మీద కూసోని ఏడ్చిన, నిజమే. ఇగ నేను పోయి పండుకుంటే ఎవ్వడు సావడని ఏడ్చిన."

ముసలాయన మళ్ళీ చాట ఎత్తాడు. రెండుసార్లు ఎగరేసి, "నీ బావమరిది పెండ్లిల ఏం కూర పెట్టిండ్రు?" అని అడిగాడు.

జోయెల్‌కి గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం కమిటీ కూర్చుంది. సంజయ్‌ని కూడా పిలిపించారు, సంజాయిషీకి. అతను లోపలికి రాగానే ఆర్తి మొదలుపెట్టబోయింది. గోడ పక్కన నిలబడిన జోయెల్ అడ్డం పడ్డాడు. ఆ కమిటీ ముందు ఎప్పుడూ అడగకుండా నోరు విప్పని మనిషి.

"మేడం, తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. నాది. అది రాత్రంతా నడుస్తది. నేనే రోజూ బంద్ చేస్తున్న, నేనే రోజూ చాలూ చేస్తున్న. పాస్‌వర్డ్ ఎవ్వరికి చెప్పలే. నిన్న షెకినా ఫోన్ల అడిగితే గూడ చెప్పలే."

అబ్బయ్యగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎందుకు చెప్పలేదు?" అంది ఆర్తి.

"చెప్తే ఇగ నాతోని పనేముంటదని."

"ఆ తల్లి అంబులెన్సులో కన్నది జోయెల్! ఆ పిల్లకి ఏమైనా అయి ఉంటే?"

జోయెల్‌కి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పని నుంచి తీసేయాలని ఒకరిద్దరు అన్నారు. అప్పుడు సంజయ్ నోరు తెరిచాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, ఆ రోజు నవ్వలేదు.

"ఆయన చేసింది తప్పే. ఫోన్ల చెప్పకపోవుడు ఇంకా పెద్ద తప్పు. గాని నేను నలుగురి పేర్లు రాయమన్న సార్. మీరు ఒక్క పేరు నాలుగుసార్లు రాసిండ్రు. ఆయన బస్సుల ఇరుక్కుంటే దవాఖాన బస్సుల ఇరుక్కుంది. అదే ఆయన సచ్చిపోతే? నేను గూడ ఒక్కసారి వచ్చి చూడలే, ఆ తప్పు నాది."

అబ్బయ్యగారి మొహం మాడిపోయింది. ఆ పేర్లు రాసిన మినిట్స్ మీద సంతకం ఆయనదే మరి. చాలాసేపు తర్జనభర్జనలయ్యాయి. కంపెనీని పిలవాలన్న మాట ఆఖరికి ఆర్తే వెనక్కి తీసుకుంది. ఏది ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం ఆర్తిది. నడిపే పని షెకినాది, ఆమెకు తోడుగా మందుల కొట్టు నుంచి ఇంకొకరు. కౌంటర్లో కొత్తవాళ్ళకు నేర్పడం దయమ్మది. తప్పులు రాసి పంపడం, మంగళగిలో, హుల్సూర్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టడం జోయెల్‌ది. అక్కడ కూడా ప్రతి ఊళ్ళో ఇద్దరికి పూర్తిగా నేర్పి తాళం చెవి వాళ్ళ చేతిలో పెట్టి రావాలి. పాస్‌వర్డ్ ఒక కవరులో పెట్టి డాక్టరమ్మ బీరువాలో ఉంచాలి. జోయెల్‌కి రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు, టెస్టర్ పక్కన.

బయటికి వస్తుంటే షెకినా ఎదురైంది. "పాస్‌వర్డ్" అని చెయ్యి చాపింది. జోయెల్ చెప్పాడు. అది అతని తండ్రి పేరు. షెకినా కళ్ళెర్రజేసింది. "నిన్న గీ మాటకా అన్నా?" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆడపిల్ల. సక్కుబాయి నాకు ఫోన్ చేసింది, పాలు తాగుతాందట" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఎవరూ సర్వర్ ఆపలేదు.

పొద్దున ప్రార్థనకి జోయెల్ అందరికంటే ముందు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. కౌంటర్లో తెర అప్పటికే వెలుగుతోంది, నిన్నటి నుంచి వెలుగుతూనే ఉంది. వాక్యం చదివారు. పాట మొదలైంది. మొదటి చరణం, రెండో చరణం అందరితో కలిసి గొంతెత్తి పాడాడు. ఆఖరి చరణం రాగానే కాళ్ళు వాటంతటవే లేచాయి. సగం నిలబడ్డాడు. ఒక్క తల కూడా అతని వైపు తిరగలేదు. అందరూ కళ్ళు మూసుకుని పాడుకుంటున్నారు. పక్కన ఉన్న దయమ్మ అతని చొక్కా అంచు పట్టి లాగి కూర్చోబెట్టింది.

కూర్చుని నోరు తెరిచాడు. మాటలు రాలేదు. ఏళ్ళ తరబడి ఆ హాల్లో రోజూ పాడిన పాట. మొదట తాళాల కోసం, తర్వాత సర్వర్ కోసం సరిగ్గా ఈ చరణం దగ్గరే లేచి వెళ్ళిపోయాడు. ఆ చరణంలో ఏముందో అతనికి తెలియదు.

దయమ్మ పాడుతూనే, అతని వైపు చూడకుండానే, ఒళ్ళో ఉన్న పాటల పుస్తకాన్ని ఇటు జరిపి ఆ లైను మీద వేలు పెట్టింది. జోయెల్ వంగి చూసి, అందరికంటే ఒక మాట వెనకగా పాడసాగాడు.